డబ్బా మీద 1000, స్క్రీన్ మీద 931: తూనికలు, కొలతల శాఖ అధికారులకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ జిల్లాల తూనికలు, కొలతల శాఖ అధికారులకు నమస్కారం.

నేను హనుమకొండలో పెళ్లిళ్లు, ఫంక్షన్లు షూట్ చేసే చిన్న స్టూడియో నడుపుతున్నాను. మాది పత్తి పండించే ఇల్లు. చిన్నప్పుడు బాపు వెంట ఎనుమాముల మార్కెట్‌కు పోతే, బస్తా కాటా ఎక్కే ముందు ఆయన ఆ కాటా మీద మీ శాఖ ముద్ర ఉందా లేదా అని వంగి చూసేవాడు. ముద్ర కనిపిస్తే ఆయన ముఖంలో కొంచెం ధైర్యం వచ్చేది. ఈ ఉత్తరం మీకే రాయడానికి కారణం అదే. నేను చెప్పబోయేది మాత్రం పత్తి, మిర్చి గురించి కాదు. హార్డ్ డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల గురించి. ఇవాళ ప్రతి ఇంట్లో ఇవి ఉన్నాయి. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, భూమి కాగితాల స్కాన్ కాపీలు అన్నీ వీటిలోనే దాచుకుంటున్నారు. ఎంత పడుతుందో డబ్బా మీద ఒక అంకె వేసి అమ్ముతున్నారు. ఆ అంకె నిజమా కాదా అని చూసే కాటా మాత్రం కొనేవాళ్ల చేతిలో లేదు.

ముందు నా దగ్గర జరిగిన సంగతి చెబుతాను.

మొన్నటి మాఘమాసం ముహూర్తాల్లో నర్సంపేట వైపు ఒక ఊళ్లో పెళ్లి చేశాం. మూడు రోజులు, మూడు కెమెరాలు, ఒక డ్రోన్. ఫుటేజీ అంతా విండోస్‌తో నడిచే స్టూడియో కంప్యూటర్‌లో వేస్తే 945 జీబీ (గిగాబైట్లు) వచ్చింది. పెళ్లికూతురు తండ్రికి ఫోన్ చేసి, "ఒక టీబీ హార్డ్ డిస్క్, అంటే వెయ్యి జీబీలది తెచ్చుకోండి, మొత్తం వేసి ఇస్తాను" అన్నాను. తప్పు నాదే. ఈ లెక్క నాకు ముందే తెలుసు, సీజన్ హడావిడిలో నోటికొచ్చింది అనేశాను. ఆయన హనుమకొండలోనే ఒక షాపులో కొత్త డిస్క్ కొని, సీల్ కూడా తీయకుండా నేరుగా నా దగ్గరికి తెచ్చారు. నేను ఆయన ముందే కవర్ చింపి కంప్యూటర్‌కు పెట్టాను. స్క్రీన్ మీద 931 జీబీ అని వచ్చింది. 945 అందులో పట్టదు.

పెద్దాయన స్క్రీన్ వైపు చూసి, డబ్బా తిప్పి చూసి, మళ్లీ స్క్రీన్ చూశారు. "గిదేంది తమ్మీ, వెయ్యి అని రాసి తొమ్మిది వందల ముప్పై ఒకటి సూపెడ్తాంది? దీంట్ల గూడ తరుగు తీసిండ్రా?" అన్నారు.

తరుగు అనే మాట ఆ పెద్దాయన ఊరికే వాడలేదు. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు కొననే కొనరు. వడ్ల బస్తాకు తాలు అని, తేమ అని, సంచి బరువు అని ఎక్కడో ఒక చోట కోత పడుతూనే ఉంటుంది. బతుకంతా ఆ కోతలు చూసిన మనిషి, వెయ్యిలో 69 తగ్గితే ఇంకేం అనుకుంటారు? షాపువాడు తీశాడో, కంపెనీ తీసిందో, లేకపోతే నేనే ఏమైనా చేశానో అన్న అనుమానం ఆయన కళ్లలో కనిపించింది. ఆ చూపు నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆయనకు నేను చూపించినదే మీకూ రాస్తున్నాను. డ్రైవ్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, ఒకే వరుసలో రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. కుడివైపు 931 జీబీ. ఎడమవైపు పొడుగాటి అంకె, అది బైట్ల లెక్క. బైటు అంటే ఒక ఇంగ్లిష్ అక్షరం పట్టేంత జాగా అనుకోండి. ఆ పొడుగాటి అంకెను ఇద్దరం కలిసి వేలు పెట్టి కోట్లు, లక్షలు విడదీసి చదివాం. లక్ష కోట్ల మీద ఇంకో ఇరవై కోట్ల చిల్లర ఉంది. ఒక టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అని కంపెనీ ఇచ్చిన మాట. ఆ లక్ష కోట్లూ లోపల ఉన్నాయి, పైన కొసరు కూడా ఉంది. తూకంలో తరుగు లేదు, మొగ్గే ఉంది.

మరి 931 ఎక్కడి నుంచి వచ్చింది? కంపెనీ లెక్కలో ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో ఒక జీబీ అంటే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లు. లక్ష కోట్లను 100 కోట్లతో భాగిస్తే వెయ్యి వస్తుంది. అదే లక్ష కోట్లను విండోస్ జీబీతో భాగిస్తే 931.32 వస్తుంది. పెళ్లి కార్డు వెనకాల పెన్నుతో రాసి, ఫోన్ క్యాలిక్యులేటర్‌లో భాగించి చూపించాను. సరుకు ఒకటే, కొలిచే శేరు వేరు. రెండు శేర్లనూ జీబీ అనే ఒకే పేరుతో పిలుస్తున్నారు.

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గట్లనా. హాలీ పైసలు, కల్దారు పైసలు లెక్కన్నట్టు" అన్నారు.

నాకు ఆ పోలిక తట్టలేదు, ఆయనకు తట్టింది. వాళ్ల నాయన చెప్పేవాడట. నిజాం రాజ్యంలో మన దగ్గర చెల్లింది హాలీ సిక్కా రూపాయి. సరిహద్దు దాటితే ఇంగ్లిష్ వాళ్ల రూపాయి, దాన్ని కల్దారు అనేవాళ్లు. రెండూ రూపాయలే, కానీ 7 హాలీ రూపాయలు ఇస్తే గానీ 6 కల్దారు రూపాయలు వచ్చేవి కావు. 1951లో హాలీ సిక్కా విడుదల ఆగింది, 1959 వరకు చలామణిలో ఉంది. ఆ కాలంలో భూమి కొన్నా, అప్పు తెచ్చినా, పత్రంలో ఏ రూపాయో చెప్పకపోతే ఏడింట ఒక వంతు దగ్గర గొడవ. అందుకే హాలీ అనో కల్దారు అనో ముందే తేల్చుకునేవాళ్లు. బడికి పోని మన తాతలు చేసిన ఆ చిన్న పని, ఇంత పెద్ద కంప్యూటర్ కంపెనీలు కొన్ని ఇవాళ్టికీ చేయడం లేదు.

ఈ రెండు లెక్కలు పుట్టిన తీరు తెలిస్తే, ఎవరినీ దొంగ అనాల్సిన పని లేదని మీకే అర్థమవుతుంది. కంప్యూటర్ లోపల మెమరీ చిప్పులో ఒక్కో గదికి ఒక్కో అడ్రస్ ఉంటుంది. అడ్రస్ చెప్పే తీగ ఒకటి పెరిగితే గదులు రెట్టింపు అవుతాయి. ఒక తీగకు రెండు గదులు, రెండు తీగలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. పది తీగలు వచ్చేసరికి 1024. అది వెయ్యికి దగ్గరగా ఉందని, ఇంజనీర్లు తమలో తాము దాన్ని కిలో అనడం మొదలుపెట్టారు. మన పాత రూపాయి కూడా ఇదే నడక. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు, మొత్తం 64. అర్ధ, పావు, బేడ, అణా అన్నీ సగం సగం చేసుకుంటూ పోయే లెక్క. ర్యామ్ అనే ఆ మెమరీ చిప్పులకు ఇప్పటికీ అదే లెక్క, 8 జీబీ ర్యామ్ అంటే నిజంగానే పెద్ద జీబీలు, అంటే 107 కోట్ల చిల్లరవి, ఎనిమిది.

హార్డ్ డిస్కుకు ఆ తీగల బాధ లేదు. తిరిగే పళ్లెం మీద ఎన్ని గీతలు గీస్తే అంత సరుకు. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. దాన్ని 50 లక్షల అక్షరాలు పడుతుందని చెప్పి ఇచ్చారు. అంటే డిస్కుల వాళ్లు మొదటి నుంచీ మామూలు మనుషుల పదుల లెక్కలోనే చెబుతున్నారు. అంకె పెద్దగా కనిపించడం వాళ్లకు లాభమే, కాదనను. కానీ అమ్మకం కోసం కొత్తగా పుట్టించిన లెక్క మాత్రం కాదు.

ఇంకో మాట. మీ శాఖ నడిచే 2009 నాటి చట్టం ప్రకారం మన దేశంలో కొలతలన్నీ అంతర్జాతీయ మెట్రిక్ పద్ధతిలో ఉండాలి. ఆ పద్ధతిలో కిలో అంటే వెయ్యి, గిగా అంటే వంద కోట్లు. ఇందులో రెండో అర్థం లేదు. ఆ లెక్కన డబ్బా మీద అంకె సరైనదే. తప్పు పేరు వాడుతున్నది స్క్రీనే. షాపు మీద, కంపెనీ మీద జనం పడుతున్న కోపం నిజానికి విండోస్ వాడే జీబీ అనే ఆ రెండక్షరాల మీద పడాలి.

ఇలాంటి చిక్కు మన దేశానికి ఇంతకు ముందే వచ్చింది, మన ప్రభుత్వం చక్కగా తీర్చింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 64 పైసలు పోయి 100 పైసలు వచ్చాయి. రెండింటినీ పైసా అనే పిలిస్తే సంతలో రోజూ కొట్లాటే. అందుకే కొత్తదానికి నయా పైసా అని పేరు పెట్టారు, రూపాయిలో నూరో వంతు అని నాణెం మీదే హిందీలో ముద్రించారు. జనానికి అలవాటయ్యాక, 1964 జూన్‌లో నయా అనే మాట తీసేశారు. ఏడేళ్లు ఓపిగ్గా రెండు పేర్లు నడిపారు. కంప్యూటర్ లోకంలో కూడా 1998లో ఇదే పని కాగితం మీద జరిగింది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వాళ్లు పెద్ద లెక్కకు కిబి, మెబి, గిబి, టెబి అని వేరే పేర్లు పెట్టారు. 107 కోట్ల చిల్లరది గిబీబైటు, 100 కోట్లది గిగాబైటు. ఆ పేర్లు వచ్చి పాతికేళ్లు దాటినా, విండోస్ గిబీబైట్లలో లెక్కపెట్టి జీబీ అనే రాస్తోంది.

ఆపిల్ వాళ్లు 2009లో మాక్ కంప్యూటర్లలో స్క్రీన్ లెక్కనే పదుల్లోకి మార్చేశారు. దాంతో అంతకు ముందు 931 చూపించిన డిస్కే, లోపల ఒక్క బైటు కూడా పెరగకుండా, 1000 జీబీ అని చూపించడం మొదలైంది. సరుకు ఎక్కడికీ పోలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మా స్టూడియోలో ఒక మాక్, ఒక విండోస్ కంప్యూటర్ పక్కపక్కనే ఉన్నాయి. అదే పెద్దాయన డిస్కును విండోస్ దాంట్లోంచి తీసి మాక్‌లో పెట్టి చూపిస్తే గానీ ఆయన మనసు కుదుటపడలేదు.

అమెరికాలో దీని మీద కోర్టుల దాకా పోయారు. డిస్కులు తయారుచేసే వెస్ట్రన్ డిజిటల్ 2006లో రాజీపడి కొనుగోలుదారులకు ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. సీగేట్ 2007లో ధరలో 5 శాతం గానీ సాఫ్ట్‌వేర్ గానీ ఇస్తామంది. 2020లో శాన్‌డిస్క్ పెన్‌డ్రైవ్‌ల మీద వేసిన కేసును మాత్రం కోర్టు కొట్టేసింది, ఒక జీబీ అంటే ఎన్ని బైట్లో డబ్బా మీద రాసే ఉంది కదా అని. ఇన్ని కేసులు నడిచినా మన ఊళ్లో డిస్కు కొన్న రైతుకు కనిపించే అంకె 931 గానే ఉండిపోయింది.

డబ్బా మీద రాసే ఉంది అనే మాట గురించి ఒకటి చెప్పాలి. నేను ఆ పెద్దాయన డబ్బాను లైటు కిందికి పట్టుకుని వెతికాను. అడుగు వైపు, బార్‌కోడ్ పక్కన, నువ్వుగింజంత ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ వాక్యం ఉంది. నా కళ్లకే ఫోన్ కెమెరాతో పెద్దది చేసుకుంటే గానీ అందలేదు. అదే డబ్బా మీద మీ శాఖ అడిగే నికర పరిమాణం దగ్గర 1 నెంబర్ అని ఉంది. అంటే మీ రికార్డులో అది ఒక వస్తువు, అంతే. అందులో ఎంత పడుతుందనేది మీ లెక్కలోకే రావడం లేదు. కొనేవాడు మాత్రం వస్తువును చూసి కొనడు, అందులో పట్టేదాన్ని చూసి కొంటాడు. నూనె డబ్బా మీద ఒక డబ్బా అని రాసి, లీటర్లు ఎక్కడో మూలకు రాస్తే మీరు ఒప్పుకుంటారా?

ఈ తేడా రోజురోజుకూ పెద్దదవుతోంది కూడా. కిలో దగ్గర తేడా 2.4 శాతం, ఎవరూ పట్టించుకోలేదు. మెగా దగ్గర 4.9, గిగా దగ్గర 7.4, టెరా దగ్గరికి వచ్చేసరికి 10 శాతానికి వెంట్రుకవాసి తక్కువ. మేం డీవీడీల్లో పెళ్లిళ్లు ఇచ్చే రోజుల్లో 4.7 జీబీ డీవీడీలో కంప్యూటర్ లెక్క ప్రకారం 4.37 దాటితే బర్న్ అయ్యేది కాదు. ఆ గుప్పెడు తేడాకే అప్పగింతల పాట ఇంకో డీవీడీలోకి పోయేది. ఇప్పుడు 2 టీబీ డిస్కు 1.81 అని, 4 టీబీది 3.63 అని చూపిస్తోంది. 4 టీబీ కొన్న మనిషికి మూడొందల డెబ్బై జీబీ కనిపించకుండా పోయినట్టు ఉంటుంది. కొత్తగా మా పనిలోకి వచ్చే కుర్రాళ్లకు నేను మొదట నేర్పేది ఇదే. సెకనుకు 100 మెగాబిట్ల (ఒక బైటుకు 8 బిట్లు) 4కే వీడియో తీస్తే 64 జీబీ కార్డు 85 నిమిషాలు వస్తుంది. పెద్ద జీబీ లెక్కలో వేసుకుంటే 91 అని వస్తుంది. ఆ ఆరు నిమిషాల నమ్మకంతో కూర్చుంటే సరిగ్గా తలంబ్రాల దగ్గర కార్డు నిండుతుంది.

నిజంగా జాగా తినేవి వేరే ఉన్నాయి, అవి కొంచెమే. ఫార్మాట్ చేసినప్పుడు ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టికకు కొంత పోతుంది. కొత్త ల్యాప్‌టాప్ అయితే విండోస్, దాని రికవరీ భాగం కలిసి ఇంకొంత. ఫోన్‌లో ఆండ్రాయిడ్ ముందే కూర్చుని ఉంటుంది. ఎస్ఎస్‌డీ అనే చిప్పుల డ్రైవ్‌లో పాడైన గదుల బదులు వాడుకోవడానికి కంపెనీయే కొన్ని గదులు పక్కన పెడుతుంది, అది మన మంచికే.

ఇంత వరకు చెప్పింది అపోహ. ఇక మోసం సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

పరకాల వైపు నుంచి ఒక తమ్ముడు పోయిన కార్తీకంలో నా దగ్గరికి వచ్చాడు. చేతిలో చిన్న మెమరీ కార్డు, దాని మీద 512 జీబీ అని అచ్చు. జాతరలో బండి మీద కొన్నాడు, అసలు ధరలో పావు వంతు కూడా పెట్టలేదు. వాళ్లమ్మ బతుకమ్మ పాటలు బాగా పాడేదట. మూడేళ్లు వరుసగా ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ఫోన్‌తో వీడియోలు తీశాడు. ఫోన్ నిండినప్పుడల్లా వాటిని కార్డులోకి మార్చి, ఫోన్‌లోవి డిలీట్ చేసేవాడు. వానాకాలంలో అమ్మ చనిపోయింది. పెద్దల అమావాస్యకు ఇంట్లో అందరూ కూర్చుని చూద్దామని తెరిస్తే, మొదటి ఏడాదివి కొన్ని తప్ప ఏవీ తెరుచుకోలేదు.

నేను కార్డు పెట్టి చూశాను. ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి. తారీఖులు ఉన్నాయి, సైజులు ఉన్నాయి. తెరిస్తే లోపల అన్నీ సున్నాలే. కార్డును పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం నడిపాను. ఆ తమ్ముడి అనుమతితో, బతికిన ఫైళ్లను వేరే డిస్కులోకి తీసిన తర్వాతే. అది కార్డు నిండా డేటా రాసి, మళ్లీ వెనక్కి చదివి పోల్చుకుంటుంది. నిజంగా నిలిచింది 29 జీబీ చిల్లర. అంటే అది 32 జీబీ కార్డు. లోపలి చిన్న కంట్రోలర్ చిప్పుకు తాను 512 అని అబద్ధం చెప్పమని నేర్పారు. ఫైళ్ల పేర్లు రాసుకునే పట్టిక కార్డు మొదట్లో, నిజమైన జాగాలో ఉంటుంది కాబట్టి పేర్లు మిగిలాయి. 32 దాటాక పంపిన ప్రతి వీడియోనూ రాసుకున్నాను అని ఫోన్‌కు చెప్పి, ఎక్కడా రాయకుండా వదిలేసింది. కాపీ అయిపోయింది అని ఫోన్ చూపించింది. నమ్మి ఆ పిల్లాడు అసలైనవి డిలీట్ చేశాడు.

తెరుచుకున్న ఆ కొన్నింటిలోనూ ఒక్క సద్దుల బతుకమ్మ పాట మాత్రమే మొదటి నుంచి చివరి దాకా దెబ్బతినకుండా ఉంది. నా కంప్యూటర్‌లో పెట్టాను. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే, చేత్తో టేబుల్ అంచు పట్టుకుని మొత్తం విన్నాడు.

అధికారులారా, ఇక్కడ ఒక విషయం మీరు గమనించాలి. నిజాయితీగా అమ్మిన డిస్కు స్క్రీన్ మీద తక్కువ చూపిస్తుంది. ఈ దొంగ కార్డు స్క్రీన్ మీద తన అంకెను నిండుగా చూపించింది. మామూలు మనిషి చూడగలిగింది ఆ స్క్రీన్ అంకె ఒక్కటే. దాన్ని చూసి ఆయన మంచి షాపువాడితో గొడవ పడుతున్నాడు, దొంగ సరుకును నమ్మి ఇంటికి తీసుకుపోతున్నాడు. 931 సంగతి జనానికి ముందే అర్థమయ్యేలా చెబితే, అప్పుడు మనం అసలు దొంగ మీద దృష్టి పెట్టగలం. రెండూ కలగాపులగంగా ఉన్నంత కాలం, ఫిర్యాదు తెచ్చిన ప్రతి మనిషికీ "కంప్యూటర్‌లో కొంచెం తక్కువే చూపిస్తుంది" అనే జవాబే వస్తుంది. ఆ తమ్ముడికి కూడా కార్డు మీద మొదట అనుమానం వచ్చినప్పుడు ఇంకో చోట అదే జవాబు చెప్పి పంపారట.

పెట్రోల్ బంకులో మీరు 5 లీటర్ల క్యాన్ పెట్టి కొలిచి చూస్తారు. నిక్కచ్చిగా చూస్తారని బంకుల వాళ్లకు భయం ఉంది. ఈ కార్డులకు అలాంటి క్యాన్ ఇప్పటికే ఉంది, అదీ ఉచితంగా. నేను చెప్పిన ప్రోగ్రాం విండోస్‌లో నడుస్తుంది, ఎఫ్3 అనేది లినక్స్‌లో, మాక్‌లో నడుస్తుంది. ఒక మామూలు ల్యాప్‌టాప్, ఒక కార్డు రీడర్ చాలు. జాతరలప్పుడు, పండగ సంతలప్పుడు, చౌరస్తాల్లో ఫుట్‌పాత్ బండ్ల దగ్గర నాలుగు కార్డులు మామూలు కొనుగోలుదారుల్లా కొని పరీక్షించండి. సెకనుకు 100 ఎంబీ వేగం ఉన్న ఒక టీబీ డిస్కును నిండా రాయడానికే మూడు గంటల దగ్గర పడుతుంది, వెనక్కి చదవడానికి మళ్లీ అంత. కార్డులైతే ఇంకా నెమ్మది. ఓపిక కావాలి, కానీ ఖర్చు లేదు. దొరికిన సరుకు పట్టుకుంటే, వార్త పేపర్లో వస్తే, మిగతా బండ్ల మీది డబ్బాలు వాటంతట అవే మాయమవుతాయి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు కూడా 2018 జనవరి నుంచి సరుకు వివరాలు సైట్‌లో చూపించాలని మీ నిబంధనల్లోనే ఉంది కదా. ఐదారు వందలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ అని కనిపించే ప్రకటనల మీద ఇక్కడి నుంచే ఒక నోటీసు పోవాలి.

నిజాయితీ సరుకు విషయంలో నేను అడిగేది ఇంకా చిన్నది. డబ్బా ముందు వైపున, ఒక టీబీ అనే అంకె పక్కనే, విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తుంది అని కళ్లకు ఆనేంత అక్షరాల్లో రాయించాలి. ఇది మీ చేతిలో లేని పని అని నాకు తెలుసు, ఢిల్లీలో వినియోగదారుల వ్యవహారాల శాఖ చేయాలి. కానీ జిల్లా నుంచి మీరు రాసే ఒక ఉత్తరం, నేను రాసే పది ఉత్తరాల కన్నా గట్టిది. మెమరీ సామర్థ్యాన్ని కూడా కొలతగా చూడాలని, గిగా, గిబి అనే రెండింటికీ రెండు పేర్లు వాడమని సాఫ్ట్‌వేర్ కంపెనీలను అడగాలని అందులో రాయండి. అది వచ్చే దాకా, మన షాపుల కౌంటర్ మీద ఒక తెలుగు పట్టిక పెట్టించండి. 32 కొంటే కంప్యూటర్‌లో 29.8 వరకు, 64 కొంటే 59.6, 128 కి 119, 256 కి 238, 512 కి 476, ఒక టీబీకి 931. చిన్న పెన్‌డ్రైవ్‌లలో ఇంకో గింజ తక్కువ ఉండొచ్చు. ఆ పట్టిక కిందే, అనుమానం ఉంటే ఎవరికి చెప్పాలో మీ ఆఫీసు నంబరు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ కాగితం అచ్చు వేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. హనుమకొండ, వరంగల్, కాజీపేట షాపులకు మా కుర్రాళ్లే తిరిగి అంటించి వస్తారు. మీ శాఖ ముద్ర ఒక్కటి దాని మీద ఉంటే చాలు. మా బాపు లాంటి వాళ్లు వంగి చూసేది ఆ ముద్ర కోసమే.

ఆ పెద్దాయనకు చివరికి ఇంకో చిన్న డిస్కు నా డబ్బులతోనే కొని, మిగిలిన ఫుటేజీ అందులో వేసి ఇచ్చాను. మాట ఇచ్చింది నేను కాబట్టి. పరకాల తమ్ముడికి ఇవ్వడానికి నా దగ్గర ఆ ఒక్క పాట తప్ప ఏమీ లేకపోయింది. దాన్ని రెండు వేర్వేరు డ్రైవ్‌లలో వేసి, రెండింటినీ అతని ముందే పరీక్షించి ఇచ్చాను. ఆ 512 జీబీ కార్డు అతని అనుమతితో నా దగ్గరే ఉంచుకున్నాను, కొన్న కవర్‌తో సహా. పరీక్ష ఫలితం ప్రింటు తీసి దానికి పిన్ చేశాను. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు పొద్దున పది గంటలకు ఆ కార్డు, ల్యాప్‌టాప్ పట్టుకుని మీ ఆఫీసుకు వస్తాను. మీ టేబుల్ మీదే మళ్లీ పరీక్ష నడిపి చూపిస్తాను.

ఇట్లు,
హనుమకొండలో పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియో యజమాని